తిట్టలేదు... తరిమేయలేదు... ‘ఏమైంది?’ అన్నారు!

బడిలో క్రమశిక్షణ అనగానే మనకు గుర్తొచ్చేవి బెత్తం, గోడకుర్చీ, టీసీ. అమెరికాలోని ఓ చిన్న ఊరి ప్రిన్సిపల్ మాత్రం గొంతు కూడా పెంచకుండా, గొడవలకు పేరుపడ్డ ఓ హైస్కూలును దారిలో పెట్టారు. అందుకోసం ఆయన ముందు మార్చుకున్నది పిల్లల్ని కాదు... తనని!

ప్రిన్సిపల్ గది. ఎదురుగా ఓ కుర్రాడు. కాసేపటి క్రితమే తరగతిలో టీచరు మీద విరుచుకుపడ్డాడు. పదిమందిలో అనకూడని బూతుమాట అనేశాడు. ఇప్పుడేం జరుగుతుందో అతనికి బాగా తెలుసు. ‘నీకేమైనా బుద్ధుందా?’ అని ప్రిన్సిపల్ గద్దిస్తారు. తను ఎదురు చెబుతాడు. మాటా మాటా పెరుగుతుంది. చివరికి ఇన్ని రోజులు బడికి రావద్దంటూ సస్పెన్షన్ కాగితం చేతిలో పెడతారు. అన్నిటికీ సిద్ధపడే వచ్చాడు.

కానీ ప్రిన్సిపల్ గొంతు పెంచలేదు. కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగారు. ‘బాగానే ఉన్నావా? నువ్విలా మాట్లాడేవాడివి కాదే... ఏమైంది?’ అని. ఒకటి నుంచి పది దాకా లెక్కేసుకుంటే నీ కోపం ఇప్పుడు ఏ అంకె దగ్గరుందో చెప్పమని కూడా అడిగారు.

తిట్లకు సిద్ధపడి వచ్చిన కుర్రాడు ఆ ప్రశ్నకు మాత్రం సిద్ధంగా లేడు. అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా కట్ట తెగినట్టు బయటికొచ్చేసింది. తండ్రి తాగుడుకు బానిస. చిన్నప్పట్నుంచీ అది కొనిస్తా, ఇది చేస్తా అంటూ మాటలివ్వడమే తప్ప ఒక్కటీ నిలబెట్టుకున్నది లేదు. ఇంట్లో రగిలిన మంట బళ్లో టీచరు మీద పడింది. అంతా చెప్పేసి చివర్లో ఆ కుర్రాడే అన్నాడు... టీచరు మీద అలా విరుచుకుపడకుండా ఉండాల్సింది అని.

ఆ ప్రిన్సిపల్ పేరు జిమ్ స్పోర్లెడర్. ఆ బడి వాలా వాలా పట్టణంలోని లింకన్ హైస్కూల్. పిల్లల ప్రవర్తన మార్చడం ఎలాగన్న చర్చ అమెరికాలో ఎక్కడ జరిగినా ఈ బడి కథ వినిపిస్తుంటుంది.

ఎవరికీ పట్టని పిల్లల బడి

వాలా వాలా వాషింగ్టన్ రాష్ట్రంలో ఆగ్నేయ మూలన ఉంటుంది. చుట్టూ గోధుమ చేలు, ద్రాక్షతోటలు. తియ్యటి ఉల్లిపాయలకు పెట్టింది పేరు. రాష్ట్రంలోని పెద్ద జైలు ఉన్నదీ ఆ ఊళ్లోనే. అక్కడ లింకన్ మామూలు హైస్కూలు కాదు. వేరే బడుల్లో ఇమడలేక, మార్కులు రాక, గొడవల్లో ఇరుక్కుని వచ్చేసిన పిల్లల కోసం నడిపే ప్రత్యామ్నాయ పాఠశాల. విద్యార్థులు రెండొందల లోపే. అమెరికాలో హైస్కూలంటే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా. అంటే మన లెక్కలో తొమ్మిది, పది, ఇంటర్ కలిపి అన్నమాట. మీసాలొచ్చే వయసు, ఎవరి మాటా చెవికెక్కని వయసు!

స్పోర్లెడర్ 2007లో అక్కడికి ప్రిన్సిపల్‌గా వచ్చేనాటికి బళ్లో కుర్రాళ్ల ముఠాలదే రాజ్యం. మిగతా ప్రిన్సిపల్స్ చేసే పనే ఆయనా చేశారు. తప్పు చేస్తే సస్పెన్షన్. మళ్లీ చేస్తే మళ్లీ సస్పెన్షన్. మరీ శ్రుతి మించితే బడి నుంచి పంపించేయడమే. 2009-10 విద్యా సంవత్సరంలో పిల్లలు సస్పెన్షన్ మీద బడికి దూరంగా గడిపిన రోజులన్నీ కలిపితే 798. బడి నుంచి వెళ్లగొట్టిన సందర్భాలు 50. టీచర్లు ప్రిన్సిపల్‌కు రాసి పంపిన ఫిర్యాదులు 600.

రెండొందల మంది కూడా లేని బళ్లో ఇదీ పరిస్థితి. దండం దశగుణం అన్న మాటే నిజమైతే ఆ పాటికి లింకన్ దేశంలోకెల్లా క్రమశిక్షణ గల బడి అయిపోయి ఉండాలి!

బ్యాటు పట్టిన ప్రిన్సిపల్

తప్పు ఆయన ఒక్కరిదే కాదు. అప్పటికి అమెరికా అంతా అదే బాటలో నడుస్తోంది. దానికి ఊపు తెచ్చినవాళ్లలో ఒకరు జో క్లార్క్. న్యూజెర్సీ రాష్ట్రం ప్యాటర్సన్‌లోని ఈస్ట్‌సైడ్ హైస్కూలుకు 1982లో ప్రిన్సిపల్‌గా వచ్చారు. ఓ చేతిలో మైకు గొట్టం, మరో చేతిలో బేస్‌బాల్ బ్యాటు... వరండాల్లో తిరుగుతుంటే పిల్లలు హడలిపోయేవారు. కొట్లాటలు, మత్తుమందులు, టీచర్లను దూషించడం వంటి కారణాలతో ఒక్కరోజులోనే మూడొందల మందిని బడి నుంచి పంపించేశారు. బయటి మత్తుమందుల ముఠాలు లోపలికి రాకుండా బడి తలుపులకు గొలుసులు వేయించారు.

జనం జేజేలు కొట్టారు. అధ్యక్షుడు రీగన్ మెచ్చుకున్నారు. 1988లో ‘టైమ్’ పత్రిక బ్యాటుతో ఉన్న ఆయన ఫొటోను ముఖచిత్రంగా వేసింది. 1989లో ఆయన కథతో ‘లీన్ ఆన్ మీ’ సినిమా వచ్చింది. క్లార్క్ పాత్ర వేసింది మోర్గాన్ ఫ్రీమన్. బడి ఆవరణ ప్రశాంతంగా మారిన మాట వాస్తవం. అయితే గేటు బయటికి వెళ్లిన ఆ మూడొందల మంది ఏమయ్యారన్నది సినిమా చూసినవాళ్లెవరికీ పట్టలేదు. క్లార్క్ వెళ్లిపోయాక, 1991లో ప్యాటర్సన్ పట్టణంలోని బడులన్నిటినీ రాష్ట్ర ప్రభుత్వమే తన అజమాయిషీలోకి తీసుకోవాల్సి వచ్చింది.

ఆ తర్వాత చట్టమే వచ్చింది. 1994లో చేసిన చట్టం ప్రకారం బడికి తుపాకీ తెచ్చిన విద్యార్థిని కనీసం ఏడాదిపాటు బహిష్కరించాలి. తుపాకీ సంగతి వేరు. కాదనేవాళ్లెవరు? కానీ ‘ససేమిరా సహించం’ అన్న ఆ ధోరణి నెమ్మదిగా చిన్న తప్పులకూ పాకింది. ఎదురు చెబితే సస్పెన్షన్. ఆలస్యమైతే సస్పెన్షన్. బడి ఎగ్గొట్టినందుకూ సస్పెన్షనే! బడికి రానివాడికి బడికి రావద్దని శిక్ష వేయడంలోని వింత చాలాకాలం ఎవరికీ తట్టలేదు.

దాని ఫలితం టెక్సస్ లెక్కల్లో బయటపడింది. ఆ రాష్ట్రంలో దాదాపు పది లక్షల మంది పిల్లల రికార్డులను ఏడో తరగతి నుంచి పరిశీలించి 2011లో ఓ నివేదిక ఇచ్చారు. ప్రతి పదిమందిలో దాదాపు ఆరుగురు పన్నెండో తరగతిలోపు ఒక్కసారైనా సస్పెండ్ అయ్యారు, లేదా బహిష్కరణకు గురయ్యారు. అందులో చట్టప్రకారం తప్పనిసరిగా వేయాల్సిన శిక్షలు నూటికి మూడే. మిగతా 97 బడి పెద్దల విచక్షణ మేరకు వేసినవి. అలా శిక్ష పడ్డ పిల్లలు మరుసటి ఏడాది బాలనేరస్థుల న్యాయవ్యవస్థ గడప తొక్కే అవకాశం మిగతావాళ్లకన్నా దాదాపు మూడురెట్లు. అంతకుముందే, 2008లో, అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమించిన నిపుణుల బృందం కూడా తేల్చి చెప్పింది... కఠినశిక్షల విధానం వల్ల బడులు భద్రంగా మారాయనడానికి ఆధారాలు లేవని.

కళ్లు తెరిపించిన ఉపన్యాసం

2010 వసంతకాలంలో స్పోర్లెడర్ స్పోకేన్ నగరంలో జరిగిన ఓ సదస్సుకు వెళ్లారు. మెదడు మీద పుస్తకాలు రాసిన శాస్త్రవేత్త జాన్ మెడినా అక్కడ ప్రసంగించారు. ఎడతెగని ఒత్తిడి పిల్లల మెదడును ఏం చేస్తుందన్నది విషయం. అది వింటున్న స్పోర్లెడర్‌కు ఒక్కసారిగా తన బడి పిల్లలు కళ్లముందు మెదిలారు.

ఆ ప్రసంగం సారాంశాన్ని మన భాషలో చెప్పుకుంటే ఇదీ: అడవిలో పులి ఎదురైతే మనిషికి ఎక్కాలు గుర్తురావు. తిరగబడటమో పారిపోవడమో, లేదంటే కొయ్యబారిపోవడమో... ఆ మూడే. ఆ క్షణంలో మెదడు నేర్చుకునే పని పక్కనపెట్టి బతికే పని చూసుకుంటుంది. పులి వెళ్లిపోతే మళ్లీ మామూలే. కానీ ఆ పులి ఇంట్లోనే ఉంటే? రోజూ సాయంత్రం తాగొచ్చి తలుపు తడుతుంటే? అలాంటి ఇంటి నుంచి వచ్చిన పిల్లాడి మెదడు ఎప్పుడూ అదిరిపడటానికి సిద్ధంగానే ఉంటుంది. టీచరు కాస్త గొంతు పెంచితే చాలు, పులిని చూసినట్టే తిరగబడతాడు. పైగా యుక్తవయసులో ఆవేశానికి కళ్లెం వేసే మెదడు భాగం ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. అది పూర్తిగా పక్వానికి రావడానికి పాతికేళ్ల వయసు దాకా పడుతుంది.

ఈ ఆలోచన వెనుక గట్టి పరిశోధన ఉంది. కైజర్ పర్మనెంటే ఆరోగ్యసంస్థకు చెందిన విన్సెంట్ ఫెలిటీ, అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థకు చెందిన రాబర్ట్ ఆండా కలిసి 17 వేలమందికి పైగా పెద్దవాళ్లను వాళ్ల బాల్యం గురించి అడిగారు. ఇంట్లో కొట్టేవారా, తాగుబోతులున్నారా, తల్లిదండ్రులు విడిపోయారా, ఎవరైనా జైలుకెళ్లారా... ఇలాంటి ప్రశ్నలు. తొలి ఫలితాలు 1998లో వెలువడ్డాయి. మూడింట రెండొంతుల మంది బాల్యంలో అలాంటి చేదు అనుభవం కనీసం ఒకటుంది. ఎన్ని ఎక్కువ అనుభవాలుంటే పెద్దయ్యాక వ్యసనాలు, మానసిక కుంగుబాటు, గుండెజబ్బుల ముప్పు అంత ఎక్కువని తేలింది.

స్పోర్లెడర్‌కు అర్థమైంది. భయంతో బిగుసుకుపోయిన పిల్లల్ని ఇంకాస్త భయపెట్టి బాగుచేయాలని తను ఇన్నాళ్లూ చూస్తున్నారు!

శిక్ష లేదా అంటే... ఉంది!

వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ నిపుణుల సాయంతో బడి సిబ్బందికి శిక్షణ ఇప్పించారు. చూసి నేర్చుకుందామంటే ఆ పద్ధతిలో నడుస్తున్న హైస్కూలు ఎక్కడా కనిపించలేదు. ప్రతిదీ తామే చేసి చూసుకోవాల్సి వచ్చింది. మొట్టమొదటి నియమం పిల్లలకు కాదు, పెద్దలకు... పిల్లాడి కోపాన్ని మనసుకు తీసుకోవద్దు. అతను తిట్టింది మనల్ని కాదు. మన స్థానంలో ఇంకెవరున్నా తిట్టేవాడే. కాబట్టి ముందు నీ కోపం చల్లార్చుకో, తర్వాత పిల్లాడిది చల్లార్చు, మాటలు ఆ తర్వాత.

‘అయితే ఏం చేసినా చెల్లుతుందన్నమాట’ అని పెదవి విరిచినవాళ్లకు స్పోర్లెడర్ చెప్పే జవాబు ఒకటే. తప్పుకు ఫలితం అనుభవించాల్సిందే. అందులో మార్పు లేదు. మారిందల్లా ఆ ఫలితం ఎలా ఉండాలన్నదే. టీచరును తిట్టిన కుర్రాడికీ శిక్ష పడింది. అయితే ఇంటికి పంపలేదు. ఇంటికి పంపితే పట్టించుకునే దిక్కెవరు? బడిలోనే విడిగా ఉన్న ఓ ప్రశాంతమైన గదికి పంపారు. అక్కడో టీచరు ఉంటారు. మనసులోది చెప్పుకోవచ్చు. ఆగిపోయిన హోంవర్కు చేసుకోవచ్చు. లేదా ఇంకోసారి కోపం వస్తే ఏం చేయాలో కూర్చుని ఆలోచించుకోవచ్చు. చదువు మాత్రం ఆగదు.

బడి పక్కనే పిల్లల కోసం ఓ ఆరోగ్యకేంద్రం వెలిసింది. ఒంట్లో బాగోకపోయినా, మనసు బాగోకపోయినా నడిచి వెళ్లేంత దగ్గర్లో మనిషి దొరికాడు. దాంతో ప్రతి సమస్యా ప్రిన్సిపల్ గది దాకా రావాల్సిన అవసరం తప్పింది.

ఒక్క ఏడాది గడిచింది. 798గా ఉన్న సస్పెన్షన్ రోజులు 2010-11లో 135కు తగ్గాయి. బహిష్కరణలు 50 నుంచి 30కి, టీచర్ల ఫిర్యాదులు 600 నుంచి 320కి దిగాయి. పిల్లలు అదే ఊరి పిల్లలే. వాళ్ల ఇళ్లూ మారలేదు, వాళ్ల నాన్నలూ మారలేదు. మారింది బళ్లోని పెద్దలే! 2015లో దర్శకుడు జేమ్స్ రెడ్‌ఫోర్డ్ ఆ బడిలోని ఆరుగురు విద్యార్థుల ఏడాది జీవితాన్ని ‘పేపర్ టైగర్స్’ పేరుతో డాక్యుమెంటరీగా అందించారు. అప్పటికే, 2014లో, స్పోర్లెడర్ పదవీ విరమణ చేశారు.

మంచితనానికీ ఓ పద్ధతుండాలి

లింకన్ చిన్న బడి. ప్రిన్సిపల్‌కు ప్రతి పిల్లాడి పేరూ తెలుస్తుంది. మరి వెయ్యిమంది, రెండువేల మంది ఉండే హైస్కూళ్ల సంగతేంటి? ‘ఏమైంది నాన్నా’ అని ఎంతమందిని అడుగుతారు? అక్కడికి పనికొచ్చేలా ఓరెగాన్ యూనివర్సిటీ పరిశోధకులు మరో దారి వేశారు. సానుకూల ప్రవర్తనకు తోడ్పాటునిచ్చే ఈ విధానం అమెరికాలో పాతికవేలకు పైగా బడులకు పాకింది.

దాని సూత్రం సులువు. లెక్కలు రాని పిల్లాడికి లెక్కలు నేర్పుతాం. చదవడం రాకపోతే చదవడం నేర్పుతాం. మరి ప్రవర్తన రాని పిల్లాణ్ని శిక్షిస్తామెందుకు? అదీ నేర్పాల్సిందే అంటారు వాళ్లు. అందుకని ముందు బడి మొత్తానికీ మూడు నుంచి ఐదు నియమాలు పెట్టుకుంటారు. అంతకు మించవు. అవీ ‘చేయకూడదు’ అని కాకుండా ‘ఇలా చేద్దాం’ అన్నట్టు ఉంటాయి. ‘పరుగెత్తరాదు’ అంటే ఏం చేయకూడదో తెలుస్తుంది. ‘వరండాలో ఎడమవైపు నడుద్దాం’ అంటే ఏం చేయాలో తెలుస్తుంది. ‘గౌరవంగా ఉండాలి’ అని గోడమీద రాస్తే సరిపోదు. గౌరవమంటే తరగతిలో ఎలా ఉండటం, భోజనాల దగ్గర ఎలా ఉండటం, బస్సులో ఎలా ఉండటం... విడమరిచి చూపించి, చేయించి నేర్పుతారు.

ఈ పని సరిగా జరిగితే నూటికి ఎనభైమంది పిల్లలు దారిలోనే ఉంటారన్నది అంచనా. మరో పదిహేనుమందికి కాస్త అదనంగా శ్రద్ధ కావాలి. మిగిలిన ఐదుగురికి మాత్రం విడివిడిగా, లోతుగా సాయం చేయాలి. ‘ఏమైంది?’ అని తీరిగ్గా కూర్చుని అడగాల్సింది వీళ్లనే. ఎనభైమందికి నేర్పకుండా వదిలేస్తే ఆ ఐదుగురి కోసం ప్రిన్సిపల్‌కు టైమెక్కడ మిగులుతుంది?

ఇంకో కిటుకు కూడా ఉంది. గొడవ జరిగిన ప్రతిసారీ ఎక్కడ, ఎప్పుడు, ఎవరెవరి మధ్య అన్నది రాసిపెట్టుకుంటారు. నెలాఖరున చూస్తే విషయం బయటపడుతుంది. సగం గొడవలు ఇంటర్వెల్లో ఒకే మూల దగ్గర జరుగుతుంటే చెడ్డది పిల్లలు కాదు... ఆ మూల! అక్కడో టీచరు నిలబడినా, గంట సమయాలు కాస్త మార్చినా సరిపోతుంది.

చిన్న పనులకూ పెద్ద ఫలితాలుంటాయి. తరగతి గుమ్మం దగ్గర టీచరు నిలబడి ఒక్కో పిల్లాణ్నీ పేరు పెట్టి పలకరించి లోపలికి పంపితే ఏమవుతుందని క్లేటన్ కుక్ అనే పరిశోధకుడి బృందం పది తరగతుల్లో పరీక్షించింది. 2018లో ఫలితాలు వచ్చాయి. పాఠం మీద ధ్యాస పెట్టే సమయం 20 శాతం పాయింట్లు పెరిగింది. అల్లరి 9 పాయింట్లు తగ్గింది. పైసా ఖర్చు లేదు!

అన్నీ పూలబాటలేం కావు

అలాగని ఇదేదో మంత్రం అనుకుంటే పొరపాటే. పిట్స్‌బర్గ్ నగరంలోని 44 బడుల్లో శిక్షలకు బదులు మాట్లాడుకుని తప్పు సరిదిద్దుకునే పద్ధతిని రెండేళ్లపాటు పరిశీలించి ‘ర్యాండ్’ సంస్థ 2018లో నివేదిక ఇచ్చింది. సస్పెన్షన్ రోజులు తగ్గాయి. బడి వాతావరణం మెరుగైందని టీచర్లు చెప్పారు. కానీ చదువులు మెరుగుపడలేదు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లల మార్కులైతే కాస్త తగ్గాయి కూడా. అల్లరిచేసే పిల్లాణ్ని బుజ్జగించే హడావుడిలో బుద్ధిగా కూర్చున్న పిల్లల చదువు దెబ్బతినకూడదు కదా!

హైస్కూళ్లతో ఇంకో చిక్కు. ప్రాథమిక పాఠశాలలో ఒక తరగతికి ఒక టీచరు. హైస్కూల్లో గంటకో టీచరు మారతారు. ఒకరు చూసీచూడనట్టు వదిలేసిన పనికి ఇంకొకరు అగ్గిమీద గుగ్గిలమవుతారు. ఆరు గదుల్లో ఆరు చట్టాలుంటే పిల్లలు నేర్చుకునేది మంచి ప్రవర్తన కాదు, ఏ సారు దగ్గర ఎలా తప్పించుకోవాలన్నదే. అందర్నీ ఒక మాటమీదికి తెచ్చే అధికారం, బాధ్యత ఒక్కరికే ఉన్నాయి... ప్రిన్సిపల్‌కు. ఆయన టీచర్లమీద అరుస్తూ, పిల్లలతో మృదువుగా ఉండమంటే కుదరదు. పైనున్నవాళ్లు తనతో మాట్లాడిన తీరులోనే టీచరు పిల్లలతో మాట్లాడతాడు. పిల్లలు తమకన్నా చిన్నవాళ్లతో మాట్లాడతారు. యథా రాజా తథా ప్రజా అన్నది బడికి సరిగ్గా అతుకుతుంది.

మన బడి సంగతేంటి?

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అంటూ చింతబరికెను నమ్ముకున్న నేల మనది. కోదండం వేయించుకున్న తాతలు, గుంజీళ్లు తీసిన తండ్రులు ఆ కథలు నవ్వుతూ చెబుతారు. ‘ఆ దెబ్బలే మమ్మల్ని మనుషుల్ని చేశాయి’ అంటారు. నిజమే కావచ్చు. కానీ ఆ దెబ్బలు తట్టుకోలేక ఏడో తరగతిలోనే పలకాబలపం పడేసి పశువుల వెంట వెళ్లిపోయిన పక్కబెంచీ కుర్రాడు ఆ కథ చెప్పడానికి రాడు. ఈస్ట్‌సైడ్ గేటు దాటిన మూడొందల మందిలాగే వాడూ లెక్కలోకి రాలేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే విద్యా నిబంధనలను సవరించి బడిలో కొట్టడాన్ని నిషేధించారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ తప్పుపట్టింది. ఎనిమిదో తరగతి పూర్తయ్యేలోగా ఏ పిల్లాణ్నీ బడి నుంచి వెళ్లగొట్టకూడదనీ ఆ చట్టం చెబుతోంది. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో జరిపించిన అధ్యయనంలో, బడికెళ్లే పిల్లల్లో నూటికి 65 మంది తాము దెబ్బలు తిన్నామని చెప్పారు. ఆ నివేదిక వచ్చింది 2007లో. ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది.

బెత్తం వద్దంది చట్టం. దాని స్థానంలో ఏం పట్టుకోవాలో మాత్రం చాలామంది టీచర్లకు ఎవరూ నేర్పలేదు. ‘కొట్టకూడదు, తిట్టకూడదు, మరి ఎలా చెప్పమంటారు?’ అన్న వాళ్ల ఆక్రోశంలో న్యాయముంది. చెయ్యి కట్టేసి వదిలేయడం కాదు, చేతికి ఇంకో పనిముట్టు ఇవ్వాలి. ఆ పని హెడ్మాస్టరు గది నుంచే మొదలవ్వాలి.

మనకు ఆ ఆనవాళ్లు లేకపోలేదు. ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్.ప్రవీణ్ కుమార్ 2012 నుంచి 2021 వరకూ సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా ఉన్నప్పుడు పిల్లలకు పది సూత్రాలు నేర్పించారు. అందులో మొదటిది ‘చేయరాదు’ అన్న హెచ్చరిక కాదు. తాము ఎవరికీ తక్కువ కాదన్న ధీమా. 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ ఆ గురుకులాల విద్యార్థినే. పిల్లలు ఏం చేయకూడదో కాక, ఏం కాగలరో ముందు చెప్పడంలోని బలం అది.

ఇంకా దగ్గరి ఉదాహరణ రోజూ ఉదయం ప్రార్థన గంటకు వినిపిస్తుంది. దేశమంతటా పిల్లలు చేసే ‘ప్రతిజ్ఞ’ను 1962లో విశాఖపట్నంలో తెలుగులో రాసింది మన పైడిమర్రి వెంకట సుబ్బారావు. పెద్దల్ని గౌరవిస్తామనీ, ప్రతి ఒక్కరితో మర్యాదగా ఉంటామనీ పిల్లలు అందులో చెబుతారు. ఆ వరుసల ముందు హెడ్మాస్టరు, టీచర్లు కూడా నిలబడే ఉంటారు. ప్రతి ఒక్కరితో మర్యాద అన్నమాట వాళ్లకూ వర్తిస్తుందని పిల్లలకు అనిపించిన రోజున గోడమీద వేరే సూక్తులు రాయాల్సిన పనుండదు.

రేపట్నుంచే మొదలుపెట్టొచ్చు!

* ఉదయం గేటు దగ్గర నిలబడండి. ఆలస్యంగా వచ్చినవాళ్లను పట్టుకోవడానికి కాదు, వచ్చినవాళ్లను పలకరించడానికి. రోజుకు పదిమంది పేర్లు నేర్చుకున్నా దసరా సెలవులొచ్చేలోగా బడి మొత్తం మీకు తెలుస్తుంది.

* టీచర్లతో కూర్చుని బడికంతటికీ కలిపి నాలుగే నియమాలు రాసుకోండి. పిల్లల నుంచీ ఇద్దరు ముగ్గుర్ని కూర్చోబెట్టండి. తాము ఒప్పుకున్న నియమాన్ని తోసిపుచ్చడం వాళ్లకూ కష్టమే.

* ఆ నియమాల్ని బడి తెరిచిన మొదటివారం పాఠంలా చెప్పించండి. మంచినీళ్ల కుళాయి దగ్గర, మధ్యాహ్న భోజనం వరుసలో, సైకిల్ స్టాండులో ఎలా ఉండాలో అక్కడికే తీసుకెళ్లి చూపించండి.

* ఓ నోట్‌బుక్ పెట్టండి. గొడవ ఎప్పుడు, ఎక్కడ జరిగిందో రాయండి. నెలకోసారి తిరగేయండి.

* కోపంలో ఉన్నప్పుడు తీర్పు చెప్పకండి. పిల్లాణ్ని పదిమందిలో నిలదీయకండి. గదిలో కూర్చోబెట్టి, గ్లాసెడు మంచినీళ్లిచ్చి, ఐదు నిమిషాలాగి అడగండి.

* తప్పుకు శిక్ష వేయండి. అయితే అది తప్పును సరిదిద్దేలా ఉండాలి. బెంచీ విరగ్గొట్టినవాడితో బెంచీ బాగుచేయించండి. తిట్టినవాడితో క్షమాపణ అడిగించే ముందు, ఎందుకు తిట్టాడో వినండి.

* ‘మీ నాన్నను తీసుకురా’ అని ఫిర్యాదు కోసమే పిలవకండి. పిల్లాడు ఓ మంచిపని చేసిన రోజున కూడా ఇంటికి కబురు పంపండి. అలాంటి కబురు ఎప్పుడూ అందుకోని ఇళ్లు చాలా ఉంటాయి.

ఇవేవీ ఒక్కరోజులో ఫలించవు. బదిలీలు, ఖాళీ పోస్టులు, భోజన పథకం లెక్కలు, పైనుంచి అడిగే నివేదికలు... ఇన్నిటి మధ్య హెడ్మాస్టరుకు ఊపిరి సలపదు. కానీ పిల్లాణ్ని తిట్టడానికి పట్టే ఐదు నిమిషాలే అడగడానికీ పడతాయి. తిడితే వాడు రేపు మళ్లీ అదే గదికి వస్తాడు. లేదంటే అసలు బడికే రాడు.

అన్నట్టు, వాలా వాలాలో టీచరును బూతుమాట అన్న కుర్రాడి కథ ప్రిన్సిపల్ గదిలోనే ఆగిపోలేదు. అక్కణ్నుంచి బయటికొచ్చాక అతను నేరుగా ఆ టీచరు దగ్గరికి వెళ్లాడు. క్షమించమని అడిగాడు.

అలా చేయమని స్పోర్లెడర్ అతనికి చెప్పనేలేదు!